"ఇది ఫ్యాక్టరీ కాదండీ": పరిశోధన ల్యాబులో ఆపరేషన్స్ పని ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న ఇదీ: ఎనిమిదేళ్ళు ఒక మందుల ప్లాంటులో ప్రొడక్షన్ ప్లానింగ్ చూశారు. ఇప్పుడు పద్నాలుగు ల్యాబులున్న ఒక జీవశాస్త్ర పరిశోధన సంస్థలో రీసెర్చ్ ఆపరేషన్స్ మేనేజరుగా చేరారు. మొదటి మీటింగులోనే ఒక సీనియర్ సైంటిస్టు "ఇది ఫ్యాక్టరీ కాదండీ, మీ పద్ధతులు ఇక్కడ నడవవు" అన్నారు. ప్లాంటులో నేర్చుకున్నదాంట్లో ఏది పనికొస్తుంది, ఏది రాదు, ఎక్కడ మొదలుపెట్టాలి, నడుస్తున్న పనుల్ని గోడ మీద బోర్డుగా పెట్టడం ఇక్కడ కుదురుతుందా అని అడుగుతున్నారు.

నేనూ ఆ దారినే వచ్చాను. పదకొండేళ్ళు ఫార్ములేషన్ ప్లాంటులో పనిచేసి, హైదరాబాద్‌లోనే ఒక పరిశోధన సంస్థకి మారి తొమ్మిదేళ్ళయింది. మొదటి వారంలో నాకూ అదే మాట వినిపించింది. అందుకని కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఆ సైంటిస్టు మాట తీసుకుందాం. ఆయన చెప్పింది నిజం. ప్లాంటులో మన ఉద్యోగమంతా తేడా రాకుండా చూడటమే. నిన్నటి మాత్రా ఇవాళ్టి మాత్రా ఒకేలా ఉండాలి. ల్యాబులో రేపు ఏం వస్తుందో ముందే తెలిస్తే ఆ ప్రయోగం చేయాల్సిన పనే లేదు. అనుకున్నది రాకపోవడం ప్లాంటులో రిజెక్షన్, ఇక్కడ అది ఒక సమాచారం. కాబట్టి ప్రయోగం లోపలికి మనం వెళ్ళకూడదు. ఏ ప్రశ్న అడగాలి, ఎన్నిసార్లు చేసి చూడాలి, ఎప్పుడు వదిలేయాలి అనేవి పూర్తిగా వాళ్ళ నిర్ణయాలు.

అయితే ఆ ప్రయోగం చుట్టూ ఎంత పని ఉందో ఒకసారి చూడండి. ద్రవాలు తీసే పిప్పెట్లకి టిప్పులు, ట్యూబులు రావాలి. కణాల్ని పెంచే పోషక ద్రవం, అంటే మీడియా, తయారవ్వాలి. గాజు సామాను కడిగి, ఆటోక్లేవ్ చేసి, అంటే వేడి ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపి, పెట్టాలి. ఇంక్యుబేటర్లలో కార్బన్ డయాక్సైడ్ అయిపోకూడదు. ఫలానాది కొనమని పెట్టిన ఇండెంట్ కదలాలి, బిల్లు పాస్ కావాలి, మైక్రోస్కోప్ దొరకాలి, ఫ్రీజర్ ఆగకూడదు. వీటిలో దేనికీ కొత్తదనం అక్కర్లేదు. రోజూ ఒకేలా, ఎవరూ గమనించనంత మామూలుగా జరిగిపోవాలి. ఇవి తడబడితే ప్రయోగం గురించి ఆలోచించాల్సిన బుర్ర వీటి చుట్టూ తిరుగుతుంది. మనకి పని ఉన్నది ఇక్కడ. ఆ పెద్దాయనతో మీరు వాదించాల్సిన అవసరమే లేదు.

మొదటి నెల ఏమీ మార్చకండి. ఒక్క ఇండెంట్ పట్టుకుని దాని వెనకే నడవండి. నేను చేసింది అదే. ఒక అమ్మాయి, మూడో ఏడు పీహెచ్‌డీ, ఒక యాంటీబాడీ కోసం ఇండెంట్ పెట్టింది. ఆ కాగితం ఏ టేబుల్ మీద ఎన్ని రోజులు ఉందో నోటుబుక్కులో రాసుకుంటూ పోయాను. యాంటీబాడీ చేతికి రావడానికి తొమ్మిది వారాలు పట్టింది. ఆ తొమ్మిది వారాల్లో ఎవరో ఒకరు నిజంగా దాని మీద పనిచేసిన సమయం మొత్తం కలిపితే ఒక పూట కూడా లేదు. మిగతాదంతా ఎదురుచూపే. ల్యాబు నడిపే సైంటిస్టు, అంటే పీఐ, సంతకం కోసం నాలుగు రోజులు, బడ్జెట్ హెడ్, అంటే ఖర్చు పద్దు, తప్పుగా రాశారని వెనక్కొచ్చి ఆరు రోజులు, ఈలోపు కొటేషన్ గడువు దాటిపోయి కొత్తది తెప్పించడానికి ఇంకో పది రోజులు. ఏ ఒక్కరూ తమ పని తప్పు చేయలేదు. అందరూ కష్టపడుతూనే ఉన్నారు. కాగితం మాత్రం కదలలేదు.

ఇది నన్ను ఎందుకు అంత కలచివేసిందో చెబుతాను. జేఆర్‌ఎఫ్ రెండేళ్ళు, ఎస్‌ఆర్‌ఎఫ్ మూడేళ్ళు, అంటే జూనియర్, సీనియర్ రీసెర్చ్ ఫెలోలుగా మొత్తం ఐదేళ్ళ ఫెలోషిప్. 2023 జనవరి నుంచి నెలకి జేఆర్‌ఎఫ్ 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000 రూపాయలు. ఆ ఐదేళ్ళు అయ్యాక డబ్బు ఆగిపోతుంది, థీసిస్ అయినా కాకపోయినా. ప్లాంటులో ఒక బ్యాచ్ ఆలస్యమైతే కంపెనీకి నష్టం. ఇక్కడ తొమ్మిది వారాలు పోతే అవి ఒక మనిషి జీవితంలోంచి పోతాయి. ఆ అమ్మాయికి ఎవరూ వాటిని తిరిగి ఇవ్వరు.

ఇంకో సంగతి. నెల రోజులు గమనించేటప్పుడు కాగితాల్ని, శాంపిళ్ళని, మెషీన్లని మాత్రమే గమనించండి. మనుషుల వెనక గడియారం పట్టుకుని తిరగకండి. ఒక్కసారి "ఈయన మన పని గంటలు లెక్కపెడుతున్నాడు" అనే మాట పుడితే ఏడాది వరకూ ఎవరూ మీకు నిజం చెప్పరు.

ఇక పర్చేజ్ సెక్షన్ సంగతి. దాదాపు ప్రతి సంస్థలోనూ అందరూ తిట్టేది వాళ్ళనే. పైనుంచి ఒత్తిడి పెట్టిస్తే ఫైళ్ళు కదులుతాయని మీకు చాలామంది చెబుతారు. దానికి ముందు ఒక చిన్న లెక్క వేయండి. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం మీకు తెలిసే ఉంటుంది: వరసలో ఉన్నవాటి సంఖ్యని, వారానికి బయటికి వెళ్ళేవాటి సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్కటి సగటున ఎన్ని వారాలు ఆగుతుందో వస్తుంది. సెక్షన్‌లో 120 ఫైళ్ళు ఉండి, వారానికి 20 పూర్తవుతుంటే, సగటున ఆరు వారాలు. అక్కడి గుమాస్తా మీద ఎంత అరిచినా ఆ ఆరు మారదు. మీ ఫైల్ ముందుకి జరిగితే ఇంకొకరిది వెనక్కి జరుగుతుంది, అంతే. అందుకే మా దగ్గర ప్రతి ఇండెంట్ మీదా "అర్జెంట్" అని ఎర్ర సిరాతో రాసి ఉండేది. అన్నీ అర్జెంట్ అయ్యాక అర్జెంట్‌కి అర్థం లేకుండా పోయింది.

ఆ లెక్కలో మనం మార్చగలిగినవి రెండే. లోపలికి వచ్చే ఫైళ్ళు తగ్గాలి, లేదా ఒక్కో ఫైల్‌కి పట్టే పని తగ్గాలి. మేము వెనక్కి వచ్చిన ఫైళ్ళన్నీ ఒక నెల పాటు ఒక పెట్టెలో వేసి కారణాలు చూశాం. క్యాటలాగ్ నంబర్ లేదు, ప్యాక్ సైజు రాయలేదు, కొటేషన్ గడువు అయిపోయింది, ప్రాజెక్టులో ఆ హెడ్ కింద డబ్బు లేదు. తిప్పికొడితే ఈ నాలుగే. ఒక్కసారి వెనక్కి వచ్చిన ఫైల్ సెక్షన్‌కి రెండు ఫైళ్ళ పని. అందుకని ఒక పేజీ ఫారం తయారుచేసి, లోపలికి తీసుకునే ముందే ఈ నాలుగూ చూసే బాధ్యత ఒకరికి అప్పగించాం. ఏ హెడ్‌లో ఎంత మిగిలిందో స్కాలర్‌కి కూడా కనిపించేలా చేశాం. అందరూ వాడే గ్లవ్స్, టిప్పులు, ట్యూబులు, మామూలు కెమికల్స్‌కి ఏడాదంతా ఒకే ధరకి ఇచ్చేలా రేట్ కాంట్రాక్టు పెట్టించాం. ప్రతి ల్యాబూ విడివిడిగా ఇండెంట్ పెట్టే వస్తువు ఒకే ఇండెంట్‌గా మారింది. సెక్షన్‌లో మనుషులు పెరగలేదు, ఎవరినీ కసిరింది లేదు. వరస మాత్రం కరిగింది.

నిబంధనలు కూడా చదవండి, పైపైన కాదు, పూర్తిగా. కేంద్ర నిధులతో నడిచే పరిశోధన సంస్థల కోసం 2025 జూన్‌లో ఆర్థిక శాఖ కొన్ని పరిమితులు సడలించింది. కొటేషన్లు లేకుండా నేరుగా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకు, కొనుగోలు కమిటీ ద్వారా కొనే పరిమితి 10 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగాయి. పరిశోధనకి అవసరమైన ప్రత్యేక పరికరాలు, సామగ్రి ప్రభుత్వ కొనుగోళ్ళ వెబ్‌సైటు అయిన జెమ్ పోర్టల్ బయట కొనడానికి అనుమతించే అధికారం డైరెక్టర్లకి వచ్చింది. మీ సంస్థకి ఇది వర్తిస్తుందా, వర్తిస్తే లోపలి ఆర్డర్ వచ్చిందా అని అకౌంట్స్‌లో అడగండి. నిబంధన మారినా ఫైల్ పాత దారిలోనే తిరుగుతున్న చోట్లు నేను చూశాను.

స్టోర్స్‌లో ఒక జాగ్రత్త. ప్లాంటు నుంచి వచ్చినవాళ్ళకి నిల్వ కనిపిస్తే తగ్గించాలనిపిస్తుంది. ఇక్కడ ఆ తొందర వద్దు. రెండు డబ్బాల పద్ధతి టిప్పులకీ ట్యూబులకీ చక్కగా సరిపోతుంది: ముందు డబ్బా ఖాళీ అవగానే అందులోని కార్డు స్టోర్స్‌కి వెళ్తుంది, కొత్త సరుకు వచ్చేదాకా రెండో డబ్బా వాడతారు. రెండో డబ్బాలో ఎంత ఉండాలన్నది లెక్కతో తేల్చండి. వారానికి 20 ప్యాకెట్లు వాడుతూ, సరుకు మామూలుగా మూడు వారాల్లో వస్తే 60 చాలనిపిస్తుంది. కానీ ఆలస్యమైనప్పుడు ఐదు వారాలు పడుతుంటే 100 ఉండాలి. సగటు చూసి నిల్వ పెడితే ఆలస్యమైన ప్రతిసారీ ల్యాబు ఆగుతుంది.

యాంటీబాడీలు, ఎంజైములు, సీరం వేరే జాతి. గడువు ఉంటుంది, చల్లగా ఉంచాలి, చాలావరకు బయటి దేశాల నుంచి డ్రై ఐస్‌లో వస్తాయి, కస్టమ్స్ దగ్గర రెండు రోజులు ఆగినా ప్రమాదమే. వీటిని అందరికీ కలిపి ఒకే బ్రాండ్‌కి మార్చి ఖర్చు తగ్గిద్దాం అని మొదట్లో నేను ప్రతిపాదించాను. ఒక పీఐ నన్ను కూర్చోబెట్టి ఓపికగా వివరించారు. కణాల్ని పెంచడానికి వాడే సీరం లాట్, అంటే ఒకేసారి తయారైన సరుకు, మారితే కణాల ప్రవర్తనే మారవచ్చు. అందుకే వాళ్ళు ఒక లాట్ పరీక్షించి, బాగుంటే ఏడాదికి సరిపడా అదే లాట్ పక్కన పెట్టించుకుంటారు. నేను దాన్ని మొండిపట్టు అనుకున్నాను. అది మన ప్లాంటు భాషలో ముడి సరుకు వాలిడేషనే. ఇలాంటి అలవాటు కనిపించినప్పుడు మార్చే ముందు "ఇది ఎందుకు ఇలా" అని అడగండి. సగం సార్లు గట్టి కారణం ఉంటుంది.

ప్రతి ల్యాబులోనూ బీరువాల వెనక, బెంచీల కింద దాచిన పెట్టెలు ఉంటాయి. వాటి మీద తనిఖీ పెట్టకండి. స్టోర్స్ మీద నమ్మకం లేక దాచుకున్నవి అవి. మా దగ్గర ఏడాది పాటు టిప్పులు ఒక్కరోజు కూడా ఆగకుండా ఇచ్చాక, ల్యాబులు తమంతట తామే దాచినవి తెచ్చి స్టోర్స్‌లో పెట్టడం మొదలుపెట్టాయి. నా తొమ్మిదేళ్ళలో నాకు బాగా సంతోషం కలిగించిన రోజుల్లో అదొకటి.

ఇప్పుడు మెషీన్ల దగ్గరికి వద్దాం. మీకు పైవాళ్ళ నుంచి వచ్చే ప్రశ్న "కోట్లు పెట్టి కొన్న మైక్రోస్కోప్ ఎంత శాతం వాడుతున్నారు?" 95 శాతం అని చెబితే అందరూ సంతోషిస్తారు. నేను భయపడతాను. సంక్రాంతి ముందు రోజు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర మీరెప్పుడైనా ఇరుక్కున్నారా? రోడ్డు నూటికి నూరు శాతం వాడుకలో ఉంటుంది, ఎవరూ కదలరు. రాకలూ, ఒక్కొక్కరికి పట్టే సమయమూ ఎగుడుదిగుడుగా ఉండే ఒకే మెషీన్‌కి మామూలు క్యూ లెక్క ప్రకారం, 80 శాతం వాడకంలో సగటు ఎదురుచూపు ఒక సెషన్‌కి నాలుగు రెట్లు. 90 శాతంలో తొమ్మిది రెట్లు. 95లో పంతొమ్మిది రెట్లు. రెండు గంటల సెషన్ కావాల్సినవాళ్ళకి 80 శాతం దగ్గర ఎనిమిది మెషీన్ గంటలు ఆగితే సరిపోయేది, 95 దగ్గర ముప్పై ఎనిమిది గంటలు అవుతుంది. ప్లాంటులో రాకల్ని మనం ప్లాన్ చేస్తాం కాబట్టి ఎక్కువ నింపినా నడుస్తుంది. ల్యాబులో కణాలు ఎప్పుడు సిద్ధమైతే అప్పుడే ఫోటో తీయాలి. ఆ రోజు మెషీన్ దొరక్కపోతే వారం పని పారబోయాలి. కాబట్టి అందరూ పంచుకునే మెషీన్‌లో కొంత ఖాళీ కావాలనే ఉంచండి, ఎందుకు ఉంచుతున్నారో ఆ లెక్కతోనే డైరెక్టర్‌కి చూపించండి.

మా కన్ఫోకల్ మైక్రోస్కోప్‌కి మూడు వారాల బుకింగ్ వరస ఉండేది. రెండోది కొనాలని ప్రతిపాదన కూడా తయారైంది. లాగ్‌బుక్ తీసి చూస్తే బుక్ చేసి రానివాళ్ళు చాలామంది. ముందు జాగ్రత్తగా స్లాట్ పట్టి పెట్టుకుంటారు, ప్రయోగం కుదరకపోతే రద్దు చేయడం మర్చిపోతారు. రెండోది, ఆపరేటర్ ఒక్కరే. ఆయన సాయంత్రం ఐదున్నరకి వెళ్ళిపోతే మెషీన్ తెల్లారేదాకా నిద్రపోయేది. అంటే అసలు ఇరుకు మెషీన్ దగ్గర లేదు, శిక్షణ దగ్గర ఉంది. ప్రతి ల్యాబు నుంచి ఇద్దరికి శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, రాత్రిపూట వాడుకోవడానికి అనుమతించాం. ముందు రోజు రద్దు చేయడానికి ఒక్క నొక్కు చాలేలా బుకింగ్ మార్చాం. పొద్దున పూట ముప్పై నిమిషాల చిన్న స్లాట్లు రెండు, శాంపిల్ బాగుందో లేదో చూసుకోవడానికి మాత్రమే కేటాయించాం. వరస నాలుగు రోజులకి దిగింది. ఆ ప్రతిపాదనని పక్కన పెట్టి ఆ డబ్బుని పాత మెషీన్ల వార్షిక నిర్వహణ ఒప్పందాలకి (ఏఎంసీ) మళ్ళించమని అడిగాం.

మీరు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. అది నాకు ఆటోక్లేవ్ గదిలో తెలిసింది. ఒక వేసవిలో మూడు ల్యాబుల్లో కల్చర్లు, అంటే పెంచుతున్న కణాలు, వరసగా పాడవడం మొదలైంది. బ్యాక్టీరియా పట్టేస్తోంది. మీడియా లాట్ బాగాలేదన్నారు, ఏసీ ఫిల్టర్లన్నారు, కొత్తగా చేరిన విద్యార్థుల చేతి పొరపాట్లన్నారు. మూడు వారాలు అందరూ ఒకరినొకరు అనుమానించుకున్నారు. ఒకబ్బాయి తన ఆరు నెలల సెల్ లైన్లు పోయాయని మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. నేను వాషింగ్ గదిలో ఒక రోజంతా కూర్చున్నాను. అక్కడ పనిచేసే అక్క పదిహేనేళ్ళుగా ఉంది. మధ్యాహ్నం టీ తాగుతూ "ఏమయిందక్కా ఈ మధ్య?" అని అడిగితే, "ఇంతకుముందు ఇద్దరం ఉండేవాళ్ళం సార్. ఇప్పుడు నేనొక్కదాన్నే. నాలుగు లోడ్లు వేసే చోట రెండే వేస్తున్నా, కుక్కి పెడుతున్నా" అంది.

అదీ కారణం. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలు, 15 పౌండ్ల పీడనం, పదిహేను ఇరవై నిమిషాలు అని గోడ మీద రాసి ఉంటుంది. కానీ ఆవిరి ప్రతి వస్తువునీ తాకితేనే ఆ లెక్క నిజం. ఇరికించి పెడితే మధ్యలో ఉన్న సీసాలకి ఆవిరి చేరదు. బయట అంటించిన సూచిక టేపు వేడికి రంగు మారుతుంది, లోపల సూక్ష్మజీవులు బతికే ఉంటాయి. ఆరు నెలల ముందు ఖర్చు తగ్గించాలని ఒక ఔట్‌సోర్సింగ్ పోస్టు తీసేశారు. కాగితం మీద ఒక జీతం మిగిలింది. మూడు ల్యాబుల్లో అంతకి ఎన్నో రెట్లు పోయింది. అది ఏ పద్దులోనూ కనిపించదు, ఎందుకంటే విద్యార్థుల నెలలకి పద్దు లేదు. ఆ పోస్టు తిరిగి తెప్పించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. లోడ్‌లో ఎన్ని సీసాలు, ఎంత ఎడంగా పెట్టాలో ఫోటో తీసి తలుపు మీద అతికించాం. వారానికోసారి లోడ్ మధ్యలో జీవ సూచిక పెట్టి, సూక్ష్మజీవులు నిజంగా చచ్చాయో లేదో చూస్తున్నాం. ఆ ఫోటో ఎలా ఉండాలో చెప్పింది ఆ అక్కే. వాషింగ్, స్టోర్స్, ఎలక్ట్రికల్, ప్రయోగ జంతువుల విభాగాల్లో పనిచేసేవాళ్ళని మీ వారపు మీటింగులో కూర్చోబెట్టండి. సంస్థలో ఏది ఎక్కడ ఆగుతుందో వాళ్ళకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఎవరూ అడగరు కాబట్టి చెప్పరు.

ఫ్రీజర్ల సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. మే నెల, శనివారం రాత్రి. మైనస్ 80 డిగ్రీల డీప్ ఫ్రీజర్ ఒకటి కంప్రెసర్ చెడి ఆగింది. అలారం మోగింది, ఖాళీ కారిడార్‌లో. సోమవారం తలుపు తీసేసరికి లోపల నీళ్ళు. రోగుల నుంచి కొన్నేళ్ళ పాటు సేకరించిన శాంపిల్స్ అందులో ఉన్నాయి. ఆ రోగుల్లో కొందరు అప్పటికే చనిపోయారు. మళ్ళీ సేకరించే వీలు లేదు. ఆ పీఐ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎవరినీ ఒక్క మాట అనలేదు ఆయన.

ఆ తర్వాత చేసినవి చాలా మామూలు పనులు. ఒక ఖాళీ ఫ్రీజర్‌ని ఎప్పుడూ నడుస్తూ ఉంచాం, చల్లబడి సిద్ధంగా. ఆడిట్‌లో "ఇది ఎందుకు ఖాళీగా నడుస్తోంది, కరెంటు వృథా కదా" అని ప్రతి ఏడాదీ అడుగుతారు, ప్రతి ఏడాదీ జవాబు రాసిస్తాం. అలారం నేరుగా నలుగురి ఫోన్లకి వెళ్తుంది, మొదటివాళ్ళు పది నిమిషాల్లో ఎత్తకపోతే రెండోవాళ్ళకి. తిరిగి దొరకని శాంపిల్స్‌ని రెండు భాగాలు చేసి రెండు వేర్వేరు గదుల్లో, వేర్వేరు విద్యుత్ లైన్ల మీద ఉన్న ఫ్రీజర్లలో పెడతాం. ప్రతి తలుపు మీదా లోపల ఏముందో, ముందు ఏది బయటికి తీయాలో పటం ఉంటుంది. మూడు నెలలకోసారి చెప్పకుండా డ్రిల్ చేస్తాం. వేసవి రాకముందే, ఫిబ్రవరిలో, కండెన్సర్ ఫిల్టర్ల దుమ్ము దులిపిస్తాం. పాడయ్యేదాకా ఆగి బాగుచేయించడం ప్లాంటులో ఎవరూ ఒప్పుకోరు, ల్యాబుల్లో అదే ఆనవాయితీగా ఉంటుంది. మీ ప్లాంటు అనుభవం ఏ మార్పూ లేకుండా పనికొచ్చే చోటు ఇదే.

లిక్విడ్ నైట్రోజన్ కూడా ఇందులోకే వస్తుంది. మైనస్ 196 డిగ్రీల ద్రవం, ఆవిరైతే దాదాపు 700 రెట్లు వ్యాపిస్తుంది. మూసిన గదిలో ఆక్సిజన్‌ని తోసేస్తుంది, వాసన రాదు, మనిషికి తెలియకుండానే స్పృహ పోతుంది. నిల్వ గదిలో ఆక్సిజన్ సెన్సర్ ఉందో లేదో మీరు చేరిన వారంలోనే చూడండి. నైట్రోజన్ నింపిన డబ్బాతో పాటు మనిషి లిఫ్ట్ ఎక్కకూడదన్న నియమం లేకపోతే ఆ రోజే పెట్టండి. దీనికి నెల రోజులు గమనించాల్సిన పని లేదు.

పనులు ఎన్ని నడుస్తున్నాయో కంటికి కనిపించేలా గోడ మీద పెట్టడం గురించి అడిగారు. అమెరికాలో కేంబ్రిడ్జ్‌లోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ జీనోమిక్స్ విభాగం దీన్ని బాగా చేసింది. వచ్చిన శాంపిల్స్‌ని వచ్చినట్టు ముందుకి తోసేయడం మానేసి, తర్వాతి దశలో ఖాళీ ఉన్నప్పుడే లాక్కునే పద్ధతికి మారారు. కొత్త టెక్నాలజీ పనుల్ని కూడా స్టిక్కీ నోట్లతో బోర్డు మీద పెట్టుకుంటే, తమ శక్తికి మించి ప్రాజెక్టులు నెత్తిన పెట్టుకున్నామని వాళ్ళకే కనిపించింది. అయితే ఒకటి గమనించండి. డీఎన్‌ఏ చదివే సీక్వెన్సింగ్ లాంటి కోర్ ఫెసిలిటీ (అన్ని ల్యాబులకీ ఉమ్మడి సేవ) పని మళ్ళీ మళ్ళీ ఒకేలా జరిగేది, అక్కడ మన పద్ధతులు దాదాపు అలాగే నడుస్తాయి. ఒక స్కాలర్ కొత్త ప్రోటీన్ పనితీరు వెతుకుతుంటే అది వేరు. ఒకే భవనంలో ఈ రెండు రకాల పనీ ఉంటుంది. మొదటిదానికి లక్ష్యాలు పెట్టండి, రెండోదానికి పెట్టకండి.

నేను ఈ తేడా తెలియక ఒక తప్పు చేశాను. రెండో ఏడు, ప్రతి ల్యాబూ వారానికి ఎన్ని ప్రయోగాలు పూర్తిచేసిందో పట్టిక పెట్టించాను. ఆరు వారాలకి సంఖ్యలు బాగా పెరిగాయి. తీరా చూస్తే ఒక పెద్ద ప్రయోగాన్ని నాలుగు ముక్కలుగా చేసి నాలుగని రాస్తున్నారు, కష్టమైనవి వాయిదా వేస్తున్నారు. పిల్లల్లో టెన్షన్ పెరిగింది. ఒక సీనియర్ స్కాలర్ వచ్చి "సార్, ఈ పట్టిక వల్ల నేను తేలికైన ప్రశ్నలు ఎంచుకుంటున్నాను" అని నిజాయితీగా చెప్పాడు. ఆ రోజే తీసేశాను, అందరికీ క్షమాపణ చెప్పాను. అప్పటినుంచి నేను కొలిచేవి నా పనికి సంబంధించినవే: ఇండెంట్ ఎన్ని రోజులు పట్టింది, ఎన్ని వెనక్కొచ్చాయి, ఏ మెషీన్ ఎన్ని గంటలు పనిచేయకుండా పడి ఉంది, స్టోర్స్‌లో ఏ వస్తువు ఎన్నిసార్లు లేదన్నాం. ఆ అంకెలు నెలకోసారి అందరికీ కనిపించేలా గోడ మీద పెడతాం. మార్కులు మాకు, సైంటిస్టులకి కాదు.

ఒక విద్యార్థి చేతిలో నాలుగు ప్రాజెక్టులు ఉండి ఏదీ పూర్తికాకపోవడం మీరు చూస్తారు. అది పీఐ నిర్ణయం. పని విడగొట్టి బోర్డు మీద చూపించమని అడిగితే సాయం చేయండి, అడగకపోతే ఊరుకోండి.

మార్చి నెల గురించి క్లుప్తంగా. గ్రాంట్ ఆలస్యంగా వస్తుంది, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా ఖర్చవ్వాలి, ఖర్చు లెక్క చూపే వినియోగ ధ్రువపత్రం (యూసీ) ఇవ్వాలి. దాంతో ఏడాది కొనుగోళ్ళలో పెద్ద భాగం ఫిబ్రవరి, మార్చిలో పడుతుంది, సెక్షన్ మునిగిపోతుంది, హడావిడిలో తప్పుడు స్పెసిఫికేషన్లు వెళ్తాయి. జూలైలోనే ప్రతి ల్యాబుతో అరగంట కూర్చుని ఏడాదికి కావాల్సినవి రాయించుకోండి. డబ్బు రాకముందే స్పెసిఫికేషన్, కొటేషన్ దాకా సిద్ధం చేసి ఉంచితే, రాగానే ఆర్డర్ వెళ్ళిపోతుంది. వార్షిక విద్యుత్ మరమ్మతులు, భవనం పనులు కూడా ఆ కూర్చున్నప్పుడే చెప్పండి, ఎవరి ఎలుకల ప్రయోగం మధ్యలో కరెంటు పోకుండా.

ఇక రేపటి పని. ఆ సీనియర్ సైంటిస్టు ల్యాబుకి వెళ్ళండి. మీరే వెళ్ళండి, ఆయన్ని మీ గదికి పిలవకండి. "సార్, మీరన్నది నిజమే. ఇప్పుడు మీ ల్యాబులో ఏది రాక పని ఆగి ఉంది?" అని అడగండి. ఆయన చెప్పకపోయినా పక్కన నిలబడ్డ విద్యార్థి చెబుతాడు. రాసుకుని, ఆ ఒక్క వస్తువు వెనక నడవండి, అది వాళ్ళ బెంచి మీదకి వచ్చేదాకా. దారిలో ఎక్కడెక్కడ ఆగిందో నోటుబుక్కులో ఉంటుంది కదా, దాన్ని తీసుకుని మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళి కూర్చోండి.